నిరీక్షణకు వెల: థీమ్ పార్కుల్లో వరుసల చరిత్ర

థీమ్ పార్కుకు వెళ్లదలచిన కుటుంబం ప్రయాణ టిక్కెట్లు, బస, భోజనం వంటి ఏర్పాట్లతో పాటు వరుసల లెక్క కూడా వేసుకోవలసిన కాలం ఇది. ఏ నెలలో వెళ్లాలి, వారంలో ఏ రోజు మేలు, గేటు తెరవగానే ఏ వైపు నడవాలి, వరుస తగ్గించే అదనపు టిక్కెట్టు కొనాలా వద్దా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పుస్తకాలు, మొబైల్ యాప్‌లు, ప్రత్యేక సలహాదారులు ఉన్నారు. ఒక రోజు సరదాకు ఇంత ముందస్తు కసరత్తు అవసరమయ్యే స్థితి ఏర్పడడానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఆ చరిత్రను వరుసగా పరిశీలిస్తే ఒక విషయం తేటపడుతుంది: కోరేవారు ఎక్కువగా, చోటు తక్కువగా ఉన్న ప్రతి కాలంలోనూ నిరీక్షణ కొనసాగింది, దానికి చెల్లించే వెల మాత్రం రూపం మార్చుకుంటూ వచ్చింది. ఆ వెల మొదట నాణెం, తరువాత సమయం, ఆపైన ముందుచూపు, నేడు తిరిగి డబ్బు.

విడి టిక్కెట్ల కాలం

యూరప్‌లో వినోద వనాల సంప్రదాయం పాతది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ సమీపంలోని బాకెన్ 1583లో మొదలైనదని చెబుతారు; అదే నగరం నడిబొడ్డున టివోలీ ఉద్యానం 1843లో తెరుచుకున్నది. చెట్లు, సంగీతం, దీపాలంకారం, తినుబండారాలే ప్రధానాకర్షణలుగా ఉన్న ఆ కాలపు తోటల్లో జనం కలయదిరుగుతూ ఉండేవారు గనుక ఒకే చోట గంటల తరబడి నిలబడవలసిన అవసరం తక్కువగా ఉండేది. మనుషులను ఎక్కించుకుని తిప్పే యంత్రాలు, అంటే నేటి వాడుకలో రైడ్లు, ప్రధానాకర్షణగా మారిన తరువాతనే వరుస ఒక సమస్య అయింది. 1884లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ సముద్రతీరాన లామార్కస్ థాంప్సన్ ఏర్పాటు చేసిన స్విచ్‌బ్యాక్ రైల్వే, ఎత్తైన చోటు నుంచి పట్టాలపై వాలుగా జారి అవతలి కొసకు చేరే చిన్న బండి, మనిషికి ఐదు సెంట్ల రుసుముతో విశేష జనాదరణ పొందింది.

1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో జార్జ్ ఫెరిస్ నిర్మించిన మహాచక్రం ఈ సమస్య స్వభావాన్ని మరింత స్పష్టంగా చూపింది. 264 అడుగుల ఎత్తున్న ఆ చక్రానికి 36 పెట్టెలు ఉండగా, ఒక్కొక్క పెట్టెలో 60 మంది వరకు, మొత్తం మీద 2,160 మంది ఒకేసారి పట్టేవారు. 50 సెంట్లు చెల్లించినవారికి రెండు చుట్లు తిరిగే అవకాశం లభించేది. మొదటి చుట్టులో చక్రం కొన్ని పెట్టెలకు ఒకసారి చొప్పున ఆగి జనాన్ని దించి ఎక్కించుకునేది, రెండవ చుట్టులో ఆగకుండా తిరిగేది. యంత్రం ఎంత పెద్దదైనా, గంటకు ఎందరిని తిప్పగలదన్నది ఎక్కి దిగడానికి పట్టే సమయం మీదనే ఆధారపడుతుందన్న ఈ పాఠం తరువాతి శతాబ్దంలో థీమ్ పార్కుల నిర్మాణానికి పునాది అయింది.

ఆ కాలంలో రైడ్‌కు రైడ్‌కు విడిగా రుసుము చెల్లించడమే రివాజు. 1897లో జార్జ్ టిల్యూ కోనీ ఐలాండ్‌లో స్టీపుల్‌చేజ్ పార్కుకు ప్రహరీ కట్టి గేటు వద్ద రుసుము వసూలు చేయడం మొదలుపెట్టినా, విడి టిక్కెట్ల పద్ధతి చాలాచోట్ల దశాబ్దాల పాటు నిలిచింది. తెలుగువారి తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కడానికి, 1938లో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తరువాత నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కడానికి ఎప్పటికప్పుడు టిక్కెట్టు కొనవలసినది ఈ పద్ధతిలోనే. ప్రతిసారీ జేబులో చేయి పెట్టవలసి రావడం వల్ల జనం ఆచితూచి ఎంచుకుంటారు, ఆ మేరకు వరుస కూడా అదుపులో ఉంటుంది.

ఆనహైమ్ నేర్పిన పాఠం

ఒకే ఇతివృత్తం చుట్టూ భవనాలు, వీధులు, వేషధారణ, రైడ్లు అన్నీ అల్లుకుని ఉండే ప్రాంగణాన్ని థీమ్ పార్కు అంటారు. ఆ రూపానికి స్థిరమైన నమూనాగా నిలిచిన డిస్నీలాండ్ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఆనహైమ్ పట్టణ శివారున, 160 ఎకరాల స్థలంలో, సుమారు 1.7 కోట్ల డాలర్ల వ్యయంతో, ఏడాది కాలంలోనే రూపుదిద్దుకున్నది. స్టాన్‌ఫోర్డ్ పరిశోధనా సంస్థకు చెందిన హారిసన్ ప్రైస్ జనాభా కదలికలను, రహదారులను లెక్కించి స్థలాన్ని సూచించాడు. ఇంత గణన వెనుక ఉన్నప్పటికీ 1955 జులై 17న ఆహ్వానితుల కోసం జరిగిన ప్రారంభోత్సవం గందరగోళంగా ముగిసింది. నకిలీ ఆహ్వాన పత్రాలతో వచ్చినవారితో కలిపి సుమారు 28,000 మంది లోపలికి చేరగా, రోడ్లపై కొత్తగా పోసిన తారు ఎండకు మెత్తబడి మహిళల చెప్పుల మడమలు అందులో దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె కారణంగా తాగునీటి కుళాయిలు చాలినన్ని సిద్ధం కాలేదు. ఆ రోజు ఎంత పేలవంగా గడిచినా, రెండు నెలలు తిరగకముందే సందర్శకుల సంఖ్య పది లక్షలు దాటింది.

అదే ఏడాది అక్టోబరులో డిస్నీలాండ్ టిక్కెట్ల పుస్తకాన్ని ప్రవేశపెట్టింది. ప్రవేశంతో పాటు కొన్ని రైడ్లకు చెల్లే చీటీలను ఒకే పుస్తకంగా కుట్టి అమ్మే ఈ పద్ధతిలో రైడ్లను ఎ, బి, సి అనే తరగతులుగా విభజించారు. 1956లో డి, 1959లో ఇ తరగతి చేరాయి. ప్రధాన వీధిలో తిరిగే గుర్రపు బండి వంటివి ఎ తరగతికి చెందగా, 1959లో వచ్చిన మ్యాటర్‌హార్న్ మంచుకొండ బండి, జలాంతర్గామి, మోనోరైల్ వంటి ఘనమైన ఆకర్షణలకు ఇ చీటీ కావలసి వచ్చేది. పుస్తకంలో ఇ చీటీలు కొన్నే ఉండడం వల్ల కుటుంబం వాటిని ఎక్కడ ఖర్చు చేయాలో ముందే ఆలోచించుకునేది, మిగిలిన చీటీలతో చిన్న ఆకర్షణల వైపు మళ్లేది. జనం ఒకే చోటికి ఎగబడకుండా పార్కు అంతటా పరుచుకునేలా చేసిన ఈ కాగితపు చీటీలను రద్దీ నియంత్రణలో తొలి విజయవంతమైన సాధనంగా పరిగణించవచ్చు.

1961లో టెక్సాస్‌లో ప్రారంభమైన సిక్స్ ఫ్లాగ్స్ పార్కు గేటు వద్ద ఒకే రుసుము తీసుకుని లోపల అన్ని రైడ్లకూ అనుమతించే పద్ధతిని అనుసరించింది. ఒకసారి డబ్బు కట్టి ఆపైన లెక్కలు మరిచిపోయే ఆ సౌలభ్యం జనానికి నచ్చి క్రమంగా పరిశ్రమ అంతటా వ్యాపించగా, 1982లో డిస్నీ సైతం చీటీల పుస్తకాలకు స్వస్తి చెప్పింది. దానితో ప్రతి రైడ్‌కూ అదనపు ఖర్చు లేకపోయింది గనుక అందరి అడుగులూ నాలుగైదు ప్రసిద్ధ రైడ్ల వైపే పడ్డాయి. అప్పటిదాకా చీటీ చేసిన పనిని సమయం చేయవలసి వచ్చింది. గంటన్నర నిలబడడానికి సిద్ధపడినవారికి రైడ్ దక్కింది, ఓపిక చాలనివారు మరొక దారి చూసుకున్నారు.

ఆగని బండ్లు, మెలికల వరుసలు

జనాన్ని తగ్గించలేనప్పుడు సామర్థ్యాన్ని పెంచడమే మార్గమని ఇంజనీర్లు అంతకుముందే గ్రహించారు. 1964–65 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన ఈ ప్రయోగాలకు వేదిక అయింది. అక్కడ డిస్నీ సంస్థ సిద్ధం చేసిన నాలుగు ప్రదర్శనల్లో కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అనే రంగస్థలంలో వేదికలు కదలక నిలిచి ఉండగా ప్రేక్షకులు కూర్చున్న భాగమే వలయాకారంలో తిరిగేది. ఒక బృందం ఒక దృశ్యం చూస్తుండగా మరొక బృందం ఎక్కుతూ ఇంకొక బృందం దిగుతూ ఉండడం వల్ల వృథా సమయం దాదాపు లేకపోయింది. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ అనే మరొక ప్రదర్శనలో నీటి కాలువలో పడవలు ఎడతెగకుండా సాగేవి. కాలినడకన చూసే మైనపు బొమ్మల ప్రదర్శనగా మొదట తలపెట్టిన పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్, ఈ పడవల విజయం చూసిన తరువాత పడవ ప్రయాణంగా మారి 1967లో డిస్నీలాండ్‌లో ప్రారంభమైంది. అదే ఏడాది ఆమ్నీమూవర్ అనే ఏర్పాటు వచ్చింది; ఒకదాని వెనుక ఒకటిగా గొలుసుకట్టుగా కదిలే పెట్టెలు ఎక్కడా ఆగకుండా సాగుతుండగా, వాటితో సమాన వేగంతో కదిలే పట్టీ మీద నడుస్తూ జనం ఎక్కి దిగే పద్ధతి అది. 1969లో ప్రారంభమైన హాంటెడ్ మాన్షన్ ఈ పద్ధతితో గంటకు రెండు వేలకు పైగా సందర్శకులను తిప్పగలిగింది.

ఈ ఇంజనీరింగ్ చరిత్ర నుంచి నేటి కుటుంబాలకు ఉపయోగపడే ఒక సూత్రం లభిస్తుంది. ఆగకుండా సాగే పడవలు, గొలుసు పెట్టెల వద్ద వరుస పొడవుగా కనిపించినా త్వరగా కదులుతుంది. ఒక్కో విడతకు కొద్దిమందిని మాత్రమే ఎక్కించుకుని, తిప్పి, ఆపి, దించే చిన్న రైడ్ల వద్ద వరుస పొట్టిగా ఉన్నా నత్తనడక నడుస్తుంది. గాలిలో తిరిగే డంబో ఏనుగుల వంటి పసిపిల్లల రైడ్లు ఈ రెండవ కోవకు చెందినవి గనుక చిన్నపిల్లలున్నవారు వాటిని పొద్దున్నే ముగించుకోవడం ఉత్తమం.

వరుస రూపం కూడా ఈ కాలంలోనే మారింది. కమ్మీల మధ్య ముందుకు వెనుకకు మెలికలు తిరుగుతూ సాగే వరుస తక్కువ చోటులో ఎక్కువ మందిని ఇముడ్చుకోవడమే గాక, వచ్చిన క్రమాన్ని తప్పనివ్వదు, నిలబడినవారు ఎప్పుడూ కదులుతూనే ఉన్నామన్న భావన కలిగిస్తుంది. ఆపైన వరుసే ప్రదర్శనలో భాగమైంది. 1995లో డిస్నీలాండ్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ రైడ్ వరుస దాదాపు అర మైలు పొడవున పురాతన ఆలయ శిథిలాల నడుమ సాగుతుంది; గోడల మీద చెక్కిన సంకేత లిపిని చదివే కార్డులను తొలి రోజుల్లో సందర్శకులకు పంచిపెట్టారు, ముళ్ల కప్పు ఉన్న ఒక గదిలో వెదురు స్తంభాన్ని కదిపితే పైకప్పు కిర్రుమంటూ కూలబోతున్న శబ్దాలు వినిపించేవి. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో డంబో రైడ్‌ను 2012లో విస్తరించినప్పుడు వరుసకు బదులు పిల్లలు ఆడుకునే డేరా ఒకటి కట్టి, తల్లిదండ్రుల చేతికి పేజర్ అనే చిన్న పిలుపు యంత్రం ఇచ్చి, వంతు వచ్చినప్పుడు దాని ద్వారా పిలిచే ఏర్పాటు చేశారు.

నిరీక్షణ గణితం, నిరీక్షణ మనస్తత్వం

వరుసల గణితానికి పునాది పడినది టివోలీ ఉన్న కోపెన్‌హేగన్ నగరంలోనే కావడం విశేషం. అక్కడి టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్, ఎన్ని తీగలుంటే ఎందరి పిలుపులు ఆగకుండా సాగుతాయన్న ప్రశ్నను సంభావ్యతా సిద్ధాంతంతో పరిశీలించి 1909లో ఒక పత్రం ప్రచురించాడు. ఆయన పేరు మీద నేటికీ టెలిఫోన్ రద్దీ కొలమానం నిలిచి ఉన్నది. ఆయన వేసిన బాటలో ఎదిగిన శాస్త్రం చెప్పే ప్రధాన సత్యం ఏమిటంటే, సామర్థ్యం నిండుతున్న కొద్దీ నిరీక్షణ అదే నిష్పత్తిలో గాక అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒకే సేవాస్థానం, యాదృచ్ఛికంగా వచ్చే జనం, యాదృచ్ఛికంగా మారే సేవా సమయం ఉన్న సరళ నమూనాను తీసుకుంటే, సామర్థ్యంలో సగం వినియోగమైనప్పుడు సగటు నిరీక్షణ ఒక మనిషి సేవా సమయంతో సమానం. 80 శాతం వద్ద అది నాలుగు రెట్లు, 90 శాతం వద్ద తొమ్మిది రెట్లు, 95 శాతం వద్ద పంతొమ్మిది రెట్లు అవుతుంది. రద్దీ రోజును తప్పించి కొంచెం పలుచటి రోజును ఎంచుకున్న కుటుంబానికి కలిగే లాభం జనసంఖ్యలోని తేడా కంటే ఎంతో ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే.

1961లో అమెరికన్ శాస్త్రవేత్త జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం మరింత సులువైనది: వరుసలో సగటున ఉండే మనుషుల సంఖ్య, గంటకు వచ్చేవారి సంఖ్యను సగటు నిరీక్షణతో గుణించగా వచ్చేదానికి సమానం. వరుసలో 1,200 మంది ఉండి, రైడ్ గంటకు 1,500 మందిని తిప్పగలిగితే చివరి మనిషి వంతు 48 నిమిషాలకు వస్తుంది. పార్కు సిబ్బంది ఈ లెక్కతో తృప్తిపడక స్వయంగా కొలిచే పద్ధతి కూడా ఉన్నది. డిస్నీ పార్కుల్లో వరుస మొదట్లో ఒక సందర్శకుడి చేతికి మెడలో వేసుకునే తాడుతో ఉన్న ఎర్ర కార్డు ఇచ్చి, రైడ్ ఎక్కే చోట దానిని తిరిగి తీసుకుంటారు. ఆ రెండు క్షణాల మధ్య గడిచిన సమయం నుంచి వరుస ముందు బోర్డు మీద చూపవలసిన నిమిషాలను నిర్ణయిస్తారు.

నిమిషాల లెక్క ఒకటి, మనసు లెక్క మరొకటి. 1985లో డేవిడ్ మైస్టర్ నిరీక్షణ మనస్తత్వంపై రాసిన వ్యాసంలో ఏ పనీ లేని సమయం పనిలో గడిచిన సమయం కంటే దీర్ఘంగా తోస్తుందని, ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసినదాని కంటే భారమని, అన్యాయంగా తోచే నిరీక్షణ న్యాయంగా తోచేదాని కంటే దీర్ఘంగా అనిపిస్తుందని వివరించాడు. వరుసల్లో సామాజిక న్యాయం గురించి రిచర్డ్ లార్సన్ 1987లో విశ్లేషించాడు. తన తరువాత వచ్చినవాడు తనకంటే ముందు వెళ్లడాన్ని మనిషి సహించలేడని, ఈ క్రమభంగం అన్యాయంగా తోస్తుందని ఆ పరిశీలన సారాంశం. పన్నెండేళ్ల తరువాత థీమ్ పార్కులు ఆ క్రమభంగాన్నే ఒక వ్యవస్థగా మలచుకున్నాయి.

ముందుచూపుకు దక్కిన ఫలం

1999లో డిస్నీ ఫాస్ట్‌పాస్ అనే ఏర్పాటును ఫ్లోరిడాలో ప్రారంభించింది. రైడ్ సమీపంలోని యంత్రంలో ప్రవేశ టిక్కెట్టు పెడితే గంట వ్యవధితో తిరిగి రావలసిన వేళను ముద్రించిన కాగితపు చీటీ వచ్చేది. ఆ వేళకు వచ్చినవారు ప్రత్యేక దారిలో కొద్ది నిమిషాల్లో లోపలికి చేరేవారు. ఇది ఉచితం, అందరికీ ఒకేలా అందుబాటులో ఉన్నది. ఆచరణలో మాత్రం కుటుంబంలో చురుకైనవారు ఒకరు అందరి టిక్కెట్లూ పట్టుకుని పార్కు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు తీసి చీటీలు తెచ్చేవారు, మిగిలినవారు పిల్లలతో మరొక రైడ్ వద్ద వేచి ఉండేవారు. పద్ధతి తెలిసినవారికి ఒక రోజులో ఎన్నో రైడ్లు దక్కగా, తెలియనివారు పక్కదారిలో తమను దాటిపోతున్న జనాన్ని చూస్తూ నిలబడవలసి వచ్చేది.

ఫాస్ట్‌పాస్ రైడ్ సామర్థ్యాన్ని ఒక్క మనిషి మేర కూడా పెంచలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. గంటకు 1,500 మంది ఎక్కగల రైడ్‌లో 1,200 స్థానాలు చీటీ ఉన్నవారికి కేటాయించారనుకుంటే, సాధారణ వరుస గంటకు 300 మంది చొప్పున మాత్రమే కదులుతుంది. కళ్లముందు కనిపించే మూడు వందల మంది వరుస పూర్తిగా గంట నిరీక్షణ అవుతుంది. ఒకరికి మిగిలిన సమయం మరొకరి ఖాతాలో చేరిందే తప్ప మాయం కాలేదు.

ఈ జ్ఞానాన్ని అందరికీ అందించే ప్రయత్నం అంతకుముందే మొదలైంది. 1985లో బాబ్ సేలింగర్ ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు రాసిన అనధికార మార్గదర్శి ఏ వేళకు ఏ రైడ్ వద్ద ఉండాలో అడుగడుగునా చెప్పే సంచార ప్రణాళికలను ప్రసిద్ధం చేసింది. తరువాత లెన్ టెస్టా దీనిని కంప్యూటర్ సమస్యగా పరిశీలించాడు. అనేక ఊళ్లు తిరగవలసిన వర్తకుడు అతి తక్కువ దూరంలో అన్నీ చుట్టి రావడానికి దారి ఎంచుకోవడం గణితంలో ప్రసిద్ధమైన చిక్కు ప్రశ్న. థీమ్ పార్కులో ఒక్కో రైడ్ వద్ద నిరీక్షణ గంట గంటకూ మారుతుంది గనుక ఆ చిక్కు మరింత జటిలమవుతుంది. ఈ శ్రమ అంతా తేల్చిన సూత్రాల్లో అతి విలువైనది సరళమైనదే: తెరిచే వేళకు ముందే గేటు వద్ద ఉండాలి. ఉదయం జనాన్ని ఒక తాడు వద్ద ఆపి నిర్ణీత సమయానికి దానిని తొలగించే అలవాటు వల్ల రోప్ డ్రాప్ అని పేరు పడిన ఈ వేళలో, యంత్రాలు పూర్తి సామర్థ్యంతో తిరుగుతుండగా జనం ఇంకా పలుచగా ఉంటారు.

తిరిగి డబ్బు

2013–14లో ఫ్లోరిడాలో డిస్నీ ఫాస్ట్‌పాస్ ప్లస్ పేరుతో కాగితాన్ని తొలగించి, చేతికి తొడిగే మ్యాజిక్‌బ్యాండ్ పట్టీతో రిజర్వేషన్‌ను ముడిపెట్టింది. సాధారణ సందర్శకులు 30 రోజుల ముందు, డిస్నీ హోటళ్లలో బస చేసేవారు 60 రోజుల ముందు మూడు రైడ్లకు వేళలు నిర్ణయించుకోగలిగారు. ప్రయాణానికి రెండు నెలల ముందు ఏ పూట ఎక్కడ ఉండాలో తేల్చుకోవలసిన ఈ పద్ధతిలో బస కూడా వరుసలో స్థానాన్ని నిర్ణయించింది. అంతకుముందే యూనివర్సల్ పార్కులు ఎక్స్‌ప్రెస్ పాస్‌ను అమ్మడం, ఖరీదైన తమ హోటళ్లలో దిగినవారికి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాయి. 2020లో కరోనా కారణంగా పార్కులు మూతపడి తిరిగి తెరుచుకున్న తరువాత, 2021లో డిస్నీ అమెరికాలోని తన పార్కుల్లో ఉచిత ఫాస్ట్‌పాస్‌ను శాశ్వతంగా రద్దు చేసి జీనీ ప్లస్ అనే సేవకు ఫ్లోరిడాలో రోజుకు మనిషికి 15 డాలర్ల రుసుము పెట్టింది. ఆ ధర తరువాత రద్దీని బట్టి మారసాగింది. 2024లో అది లైట్నింగ్ లేన్ మల్టీ పాస్‌గా పేరు మార్చుకోగా, అదే ఏడాది వచ్చిన ప్రీమియర్ పాస్ ధర ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అత్యధిక రద్దీ రోజులకు మనిషికి 449 డాలర్ల వరకు పలికింది. 2022లో రుసుముతో కూడిన పాస్‌ను తెచ్చిన టోక్యో డిస్నీ, 2023లో కొన్ని రైడ్లకు ఉచిత పాస్‌ను తిరిగి ప్రవేశపెట్టడం గమనార్హం.

ఈ దశలోనే న్యాయం గురించిన ప్రశ్న తీవ్రరూపం దాల్చింది. వికలాంగులకు ఇచ్చే ప్రత్యేక ప్రవేశాన్ని వాడుకోవడానికి కొందరు సంపన్నులు వికలాంగులను మార్గదర్శకులుగా కిరాయికి తీసుకుంటున్నారన్న వార్తలు రావడంతో 2013లో డిస్నీ ఆ నిబంధనలను మార్చవలసి వచ్చింది. దుర్వినియోగం చేసినవారు కొందరైతే, కఠినమైన నిబంధనల భారం నిజంగా అవసరమున్న కుటుంబాల మీద కూడా పడింది.

తెలుగు కుటుంబాల అనుభవ పరిధిలో

వేళ నిర్ణయించిన టోకెన్, రుసుముతో త్వరిత ప్రవేశం, ఉచితంగా సుదీర్ఘ నిరీక్షణ అన్న మూడు దారులు తెలుగువారికి కొత్తవి కావు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం, తిరుపతిలో వేళలు నిర్ణయించి ఉచితంగా ఇచ్చే సర్వదర్శనం టోకెన్లు, టోకెన్ లేనివారు వైకుంఠం క్యూ కాంప్లెక్సులోని కంపార్టుమెంట్లలో వేచి ఉండే సర్వదర్శనం ఈ మూడింటికీ ప్రతిరూపాలు. భక్తికీ వినోదానికీ పోలిక లేకపోయినా, పరిమితమైన అవకాశాన్ని అపారమైన జనానికి పంచవలసిన చిక్కు రెండుచోట్లా ఒకటే. కంపార్టుమెంట్లలో వేచి ఉన్నవారికి అన్నప్రసాదం, పాలు, తాగునీరు ఉచితంగా అందించే తిరుమల సంప్రదాయం, డబ్బు చెల్లించలేనివారి నిరీక్షణను గౌరవించే విషయంలో థీమ్ పార్కులు సైతం నేర్చుకోదగినది.

భారతదేశంలో ఢిల్లీ అప్పూఘర్ 1984లో, ముంబయి ఎస్సెల్‌వరల్డ్ 1989లో ప్రారంభం కాగా, హైదరాబాద్ శివారున రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో, రావిర్యాల వద్ద వండర్‌లా 2016లో వచ్చాయి. వండర్‌లాలో సాధారణ టిక్కెట్టు కంటే ఎక్కువ ధరకు ఫాస్ట్‌ట్రాక్ టిక్కెట్టు దొరుకుతుంది. ఇక్కడి రద్దీ స్థానిక పంచాంగాన్ని, బడి సెలవులను అనుసరిస్తుంది: ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు ఉండే వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి, శని ఆదివారాలు జనసమ్మర్దంతో ఉంటాయి, చలికాలంలో పనిదినాల్లో బడి విహారయాత్రల బస్సులు వస్తాయి. అందువల్ల ఫాస్ట్‌ట్రాక్‌కు డబ్బు వెచ్చించే ముందు వెళ్లే తేదీని మార్చుకునే వీలుందేమో చూడడం మేలు. జనం పలుచగా ఉన్న పనిదినాన ఆ అదనపు ఖర్చుకు దక్కే లాభం స్వల్పం.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు స్వదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులను ఫ్లోరిడాలోని ఆర్లాండో పార్కులకు తీసుకువెళ్లడం ఒక వాడుకగా మారింది. అక్కడ క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు, ఈస్టర్ వారం, థ్యాంక్స్‌గివింగ్ వారం మిక్కిలి రద్దీగా ఉంటాయి. బడులు తెరిచిన తరువాత ఆగస్టు చివర, సెప్టెంబరు పనిదినాల్లో జనం తగ్గుతారు గాని, ఆ నెలలు ఎండకూ ఉరుములతో కూడిన సాయంకాలపు వానలకూ తుపానులకూ ఆలవాలం. వయోవృద్ధులున్న కుటుంబం జనవరి మధ్య వారాలను ఎంచుకుంటే వాతావరణం, రద్దీ రెండూ కొంత అనుకూలిస్తాయి. 40 లేదా 44 అంగుళాల ఎత్తు నిబంధన ఉన్న రైడ్ల వద్ద, పసిబిడ్డతో ఒకరు ఆగి రెండవవారు దిగిన తరువాత మళ్లీ పూర్తి వరుసలో నిలబడకుండా ఎక్కే రైడర్ స్విచ్ సదుపాయం ఉన్నది. దానికి అదనపు రుసుము లేదు. జట్టు విడిపోవడానికి సిద్ధపడిన పెద్దపిల్లలకు, ఖాళీగా మిగిలిన ఒంటరి సీట్లను నింపే సింగిల్ రైడర్ వరుస మరొక ఉచిత మార్గం.

ఈ మొత్తం పరిణామాన్ని బేరీజు వేస్తే, వరుసను పూర్తిగా తొలగిస్తామని వచ్చిన ఏ ఏర్పాటూ దానిని తొలగించలేదని, ఆగని బండ్ల వంటి నిజమైన సామర్థ్య పెంపుదల మాత్రమే అందరి నిరీక్షణనూ ఒకేసారి తగ్గించిందని తేలుతుంది. మిగిలిన ఏర్పాట్లన్నీ ఉన్న సామర్థ్యాన్ని వేరు వేరు వర్గాల మధ్య మరొక విధంగా పంచాయి. చీటీల పుస్తకం అందరికీ సమానమైన వాటా ఇచ్చింది, ఒకే రుసుము పద్ధతి ఓపికకు పెద్దపీట వేసింది, ఫాస్ట్‌పాస్ తెలివిడికి, నేటి పాస్‌లు ధనానికి ప్రాధాన్యమిచ్చాయి. పార్కుల నిర్వాహకులకు దీని నుంచి ఏర్పడే బాధ్యత స్పష్టమైనది: త్వరిత ప్రవేశం ఎందరికి అమ్మాలన్న దానికి హద్దు పెట్టుకోవడం, బోర్డు మీద నిజమైన నిరీక్షణను చూపడం, సాధారణ వరుసలో నిలబడినవారికి నీడ, నీరు, కూర్చునే చోటు కల్పించడం. కుటుంబాల వైపు నుంచి చూస్తే, డబ్బుతో కొనే త్వరిత ప్రవేశం ఎంత విస్తరించినా రెండు సాధనాలు ఇంకా అందరి చేతిలోనే ఉన్నాయి: వెళ్లే తేదీని ఎంచుకునే స్వేచ్ఛ, గేటు తెరిచే వేళకు అక్కడ ఉండే పట్టుదల. నూట ముప్ఫై ఏళ్ల అనుభవమూ, నూరేళ్ల గణితమూ వాటికి మించిన ఉపాయాన్ని ఇంతవరకు చూపలేదు. వాటిని వాడుకోవడానికి అదనపు రుసుము ఏదీ లేదు.